గోరి అడుగులు

జూలూరుపాడు రోడ్డు మీది ఒక హైస్కూలు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక, ఎప్పుడో రిటైరైన వెంకటప్పయ్య సారు వచ్చి సైన్సు టీచర్ ఉషారాణి ఎదుట కూర్చున్నాడు. ఆయన మనవరాలు ఈమె దగ్గరే ఆరో తరగతి చదువుతోంది.

"నిన్న సాయంత్రం సంది పిల్ల నాతోని మాట్లాడుతలేదు మేడమ్. అన్నం కూడ తినలే. క్లాసుల ఏం చెప్పిండ్రు?"

"పాఠమే చెప్పిన సార్. చలనం, దూరాలు కొలిచుడు."

"పాఠం వింటే అన్నం మానేస్తదా?"

"సక్కగ పోయేది సరళరేఖా చలనం, అటూ ఇటూ ఊగేది డోలన చలనం అని చెప్పి, ఒక పిల్ల ముచ్చట చెప్పిన. కాలు వంకరున్న పిల్ల. వాళ్ల సారు ఆమెను అందరి ముంగట నడిపిచ్చి, సూడుండ్రి, గిదే లోలకం అన్నడు."

"గా ముచ్చట... మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరో చెప్పుడేంది సార్? కిటికీల కెల్లి నేనే చూసిన. గా పిల్ల, గోరి, మా అక్క."

"నువ్వు తండా మంగీలాల్ బిడ్డవా?"

"చిన్న బిడ్డను."

"అది... పాఠం యాదుంటదని అన్న మాట అమ్మా. పిల్లలకు యాదుంటదని."

"ఉన్నది. అందరికీ యాదున్నది. అక్కను చూడనీకి వచ్చిన పిలగాని తరపోళ్లు సుత తండాలకొచ్చి లోలకమోళ్ల ఇల్లేదని అడిగిండ్రు."

"నేను ఒక్కసారే అన్న."

"తెల్లారి వరండా పొడుగు పిల్లల అడుగులతోని కొలిపిచ్చిండ్రు. అక్క లేస్తే, నీ అడుగులు లెక్కకు రావు, కూసో అన్నరు. కూసున్నది. ఇంటర్వెల్ల సంచి తీస్కొని ఇంటికొచ్చింది. మళ్ల బడి మొఖం చూడలే. ఇప్పుడు మిరపతోటలల్ల కూలికి పోతది."

"గిన్నేండ్ల ముచ్చట పసిపిల్ల నెత్తిన పెడతవా? నా మీద కోపముంటే నన్ను అను."

"మిమ్మల్ని అంటే మీకేం నొస్తది సార్? నొచ్చే జాగ కోసం చూసిన. మనవరాలిని చేర్పియ్యనీకి మీరు వచ్చిననాటి సంది చూస్తున్న."

"పాపం తగుల్తది."

"తగలనీయుండ్రి."

"గోరి కాడికి తీస్కపో. చేతులు పట్టుకుంట."

"రానియ్యదు. అడిగిన."

"అయితే పిల్లకు చెప్పు... ఆ సారు వేరే ఆయన, మీ తాత కాదని చెప్పు. ఒక్క మాట అమ్మా, నీకు దండం పెడుత."

"మీ పేరు నా నోటెంట రాలే సార్. ఆ సారెవరని అడిగింది. నాకెరుక లేదన్న. మీ తాత సుత సారే గదా, ఇంటికి పోయి ఆయనకు ఈ ముచ్చట చెప్పి అడుగు అన్న. అంతే. అడిగిందా?"

"అడిగింది."

"మీరేమన్నరు?"

"ఏమనలే."

"సార్."

"నవ్విన. ఆ పిల్లకు లోలకమని పేరు పెట్టింది నేనే అన్న."