సుగుణకు రాయని పుస్తకం

"తాతా, నేను గూడ ఆఫీసు నౌకరి ఇడిశిపెట్టి ఫ్రీలాన్స్ రాసుడు మొదలువెడదామనుకుంటున్న. నువ్వు ఎట్ల మొదలువెట్టినవో చెప్పవా? ఫోన్ల రికార్డ్ చేస్కుంటా."

పెట్టు, ఈడ పెట్టు ఫోను. ఫ్యాన్ లొల్లికి ఇనవడ్తదో లేదో, జర దగ్గరికి జరుపు. ఫ్రీలాన్స్ అంటవా, మాకు గా పేరే తెల్వకుండె. మా నాయిన అయితె ఆవారాగిరి అన్నడు. ఎందుకనడు మరి? ఛత్తాబజార్ల ప్రెస్సుల పక్కా నౌకరి నాది. అక్షరాలు కూర్చుడు. పెండ్లి కార్డులు, దినాల కార్డులు, గివే. గప్పుడు చాయ్ అర్ధరూపాయి... కాదు కాదు, ఇంక తక్కువనే. సరె, చాయ్ ముచ్చట ఎందుకు గాని.

ఒకరోజు దబీర్‌పురా కెల్లి ఒకాయన వచ్చిండు, రైల్వేల పని చేసెటాయన. తల్లి పోయింది. దినాలకు ఉత్త కార్డు వద్దు, మా అమ్మ గురించి నాలుగు పేజీల చిన్న పుస్తకం కావాలె, వచ్చినోళ్లకు పంచుతా అన్నడు. కొందరు గట్ల పంచుతుండె బిడ్డా, ఇప్పుడంత ఫ్లెక్సీలే గాని. మరి రాసెటోడు ఎవడు? మా ప్రెస్సు సేటు నా దిక్కు సూశిండు. రాసిన. దినాలనాడు గాయన అది సదివి, అందరి ముంగట బోరుమని ఏడ్శిండు. ఇగ జూడు, గా రోజుతోని నా దిమాక్ ఖరాబైంది. నెల తిరగకముందే నౌకరి ఇడిశిన.

నా పని ఎట్లుంటుండె అంటె, ముందుగాల ఆళ్ల ఇంటికి వోయి కూసుంటుంటి. ఎప్పుడు పుట్టింది, ఎంత సదివింది, గవన్ని పక్కకు వెట్టి, ఏం కూర ఇష్టంగ తింటుండె, కోపమొస్తె ఏమంటుండె, యాడికి పోవాలని మనసువడి పోకుంటనే ఉండిపోయింది, గివి అడుగుతుంటి. గివి అడిగితెనే మనిషి కండ్ల ముంగట నిలవడ్తది. కొడుకులు బిక్కమొగం ఏస్తుండె, కోడండ్లు చెప్తుండె. అయినా తెలిసేదాంక నేను లేవకపోతుంటి. మస్తు పేరొచ్చింది. మా ఛత్రినాకల ఎవలింట్ల మనిషి పోయినా, ఏడుపు ఆగినంక నా ఇంటికే వస్తుండె.

మరి ఇల్లు ఎట్ల నడిశింది అంటవా? మీ సుగుణవ్వ నడిపింది, నా పెండ్లాం. మా గల్లీ పిల్లవే గదా, చిన్నప్పుడు గౌను కుట్టిచ్చుకున్నవ్ ఆమెతోని, యాదికున్నదా? నేను గా కిటికి కాడ రాస్తుంటి, ఆమె గీడ మిషన్ తొక్కుతుండె. సదువు రాదు ఆమెకు. ఒక్కోపారి మిషన్ ఆపి, "ఎవలి గురించి రాస్తున్నవయ్యా? జర సదివి ఇనిపియ్యరాదు" అంటుండె. నేనేమంటుంటి? "నీకు సమజ్ గాదు తియ్, నీ పని నువ్వు జేస్కో." గంతే. రెండు మూడు పార్లు అడిగింది, ఇగ అడుగుడు బంద్ వెట్టింది. నేనేమో ఆమెకు ఇష్టం లేదనుకున్న. ఎంత గాడిదను బిడ్డా నేను.

బోనాల ముంగట ఆమెకు జరమొచ్చింది. నాలుగొద్దులు. పోయింది. మా బిడ్డ పద్మ అన్నది, "నాయినా, ఊరందరికి రాసినవ్, అమ్మకు నువ్వే రాయాలె" అని. నేను రాయక ఎవరు రాస్తరు, కూసున్న. పైన పేరు రాసిన. సుగుణ. ఏం కూర ఇష్టమో రాద్దామనుకున్న, తెల్వదు. మేమందరం తిన్నంక మిగిలింది తింటుండె. కోపమొస్తె ఏమంటుండె? నేను ఇన్నది లేదు. నలభై ఏండ్ల కాపురం బిడ్డా! పద్మను అడిగితె దానికి గూడ తెల్వదు.

ఇగ సిగ్గిడిశి, నోట్‌బుక్ పట్టుకొని ఎదురింటి లచ్చమ్మ దగ్గరికి వోయిన. పరాయోళ్ల ఇంటికి వోయినట్టే వోయిన, సొంత పెండ్లాం గురించి అడుగనీకి. లచ్చమ్మ నా మొగం జూశి, "అయ్యో అన్నా, నీకు తెల్వదా? చింతచిగురు పప్పంటె పానం ఆమెకు. నువ్వు పులుపు తినవని వండకపోతుండె. మా ఇంట్ల వండితె పిలుస్తుంటి" అన్నది. ఇంకోటి చెప్పింది. నేను రాసిన పుస్తకాలు కొంగు కింద దాచిపెట్టుకొని తెచ్చి, లచ్చమ్మ బిడ్డతోని సదివిచ్చుకుంటుండెనట. అన్ని. ఇనుకుంట ఏడుస్తుండెనట. "ఆడోళ్ల ముచ్చట్లు ఎంత ఓపికతోని అడిగి రాస్తడే మా ఆయన" అంటుండెనట.

నోట్‌బుక్ మూసేశిన. రాసెటిదేమున్నది? రాస్తె లచ్చమ్మ మాటలైతయ్ గాని, నాకు తెలిసింది ఒక్క ముక్క లేకపాయె. దినాలనాడు చుట్టాలు అడిగిండ్రు, "ఏందయ్యా, నీ ఇంట్లనే పుస్తకం లేదు" అని. ప్రెస్సు బందున్నదని అబద్ధమాడిన.

అందరు తిని పోయిండ్రు. పగటిపూటనే. పెట్టెలున్న పుస్తకాలన్ని కింద పరిచి, ఆమె ఫోటో ముంగట కూసున్న. దబీర్‌పురా అమ్మతోని మొదలువెట్టిన. గట్టిగ సదివిన, నిమ్మలంగ, ఒక్కో మాట సమజ్ అయ్యేటట్టు. పద్మ ఇస్తరాకులు తీసుకుంట వచ్చి, "నాయినా, ఎవలకు సదువుతున్నవ్?" అన్నది. నేను ఇంకో పేజి తిప్పిన. నాలుగో పుస్తకం కాడ గొంతు వోయింది.

నువ్వు మంచిగ రాస్తవ్ బిడ్డా, నాకు నమ్మకమున్నది. నౌకరి ఇడిశినవని ఎవలేమన్నా ఫికర్ జెయ్యకు. పేరొస్తది, సల్లగ బతుకుతవ్. గాని రాసిన కాయితం ముందుగాల మీ అమ్మకు ఇనిపియ్యి. కూరగాయలు కోస్తున్నా సరె, పక్కన కూసొని ఇనిపియ్యి. ఆమె అడిగేదాంక ఆగకు. నాకు ఇప్పుడు పొద్దంత టైమే... ఏం జేస్కోవాలె గా టైము... బంద్ జెయ్ ఇగ, బంద్ జెయ్ బిడ్డా ఫోను.