గుట్ట మీద బామ్మర్ది

కరీంనగర్ నుంచి అత్తగారి ఊరు ఇచ్చోడకు వచ్చిన ఏలియా, బామ్మర్దిని వెంటబెట్టుకొని ఎన్నడూ ఎక్కని గుట్ట ఎక్కాడు. వేటకు ముందే చోటు చూసుకోవాలని అతని ఆరాటం.

“గీ అడుగులు చూడు. కణుజువే. మంచి కొమ్ములదుంటది.”

“పొద్దుగాల నీళ్లకు దిగుతది బావా.”

“అయితే నేను గీ పొదల కూసుంట. గాలి అటుకెల్లి ఇటు కొడుతుంది. దానికి నా వాసన తెల్వది.”

“తుపాకి తెస్తవా?”

“పిచ్చోడా, సప్పుడైతది. విల్లు తెస్త. ఒక్క బాణం. ఫారెస్టోళ్లకు సుత తెల్వది.”

“ఎన్నడొస్తవ్?”

“ఐతారం, చర్చి కాంగనే. మీ అక్కకు చెప్పకు.”

“అక్కనే నన్ను నీ ఎంట తోలింది బావా.”

“ఎందుకు?”

“నాకు మొన్ననే నౌకరొచ్చింది. ఫారెస్టులనే. గీ గుట్ట నేనే చూసుకోవాలె. మొదటి కేసు ఇంటల్లుని మీద రాయాల్సొస్తదేమోనని అక్క పరేషాన్ అయితుంది.”

ఏలియా గిర్రున వెనక్కి తిరిగాడు. బామ్మర్ది నవ్వుతున్నాడో లేదో ముఖం చూసి పోల్చుకోలేకపోయాడు.

“మంచిగ చెప్పినవ్! దొంగలు ఏడ కూసుంటరో నీకు తెల్వాలనే గదా, గింత దూరమెక్కి చూపెట్టిన?”

“గట్లనా? నేనింకేమో అనుకున్న.”

“నౌకరొచ్చిందంటే దావత్ కావాలె. ఐతారం నేనే ఇస్త.”

“దావత్ల ఏం కూర బావా?”

“కోడి కూర,” అన్నాడు ఏలియా గబగబా. “బజార్ల కొన్న కోడి.”