బెల్లా లాగిన విమానం

ఈ ఒక్క ఆదివారం కోతలు కొయ్యకుండా ఉండగలవా అని విన్నీ మా కెప్టెన్ క్లెమ్‌ని అడిగింది. ఒక్క పూట నోరు అదుపులో పెట్టుకుంటే వాళ్ళ నాన్న పెళ్ళికి ఒప్పుకుంటాడు, లేకపోతే ఈ జన్మకి ఒప్పుకోడు. అబద్ధాలకోరుకి పిల్లనివ్వనని ఆ పెద్దాయన జేబెజ్ అప్పటికే ఊరంతా వినేలా తేల్చి చెప్పేశాడు. క్లెమ్ గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు. సాక్ష్యానికి ఉండమని నన్ను కూడా వెంటబెట్టుకుని బయల్దేరాడు.

నా పేరు లెన్. యుద్ధంలో క్లెమ్ నడిపిన బాంబర్ విమానానికి తోక దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. ముందు అతను నడిపేవాడు, వెనక నేను వణికేవాణ్ణి. మొత్తం ఏడుగురం ఎక్కేవాళ్ళం. యుద్ధం అయిపోయేసరికి ఏడుగురమూ ప్రాణాలతో ఉన్నాం. ఇంగ్లండులోని మా లింకన్‌షైర్‌లో ఆ మాట అనగలిగిన జట్లు ఎన్నో లేవు. అందుకే క్లెమ్ ఎన్ని కోతలు కోసినా నాకు అతని మీద కోపం రాదు.

చర్చి అయ్యాక మగవాళ్ళందరూ 'రెండు గొర్రెలు' పబ్బులో చేరారు. విన్నీ కౌంటరు వెనక బీరు పోస్తోంది. జేబెజ్ కిటికీ పక్కన తన కుర్చీలో పైపు పీలుస్తూ కూర్చున్నాడు. ఆయన రైల్వే గేటు కాసే మనిషి, పందెం పావురాలంటే ప్రాణం. యుద్ధంలో తన పావురాలన్నిట్లోకీ మేలైనదాన్ని, బెల్లాని, మా విమానానికి ఎరువిచ్చాడు. విమానం సముద్రంలో పడిపోతే పావురాన్ని వదిలేవారు. అది ఇంటికి చేరితే ఫలానావాళ్ళు ఆపదలో ఉన్నారని తెలిసేది. సాయంత్రం ఆయన పావురం బుట్ట సైకిలు మీద పెట్టుకొచ్చి మా ఎయిర్‌ఫీల్డ్ గేటు దగ్గర ఇచ్చేవాడు, పొద్దున వచ్చి పట్టుకుపోయేవాడు.

మాంసం కొట్టు ఆల్బర్ట్ ఊరికే ఉండొచ్చు కదా. "ఏం క్లెమ్, ఒకసారి ఇంజిను ఆగిపోతే ఎలాగో వచ్చి పడ్డారటగా?" అన్నాడు.

విన్నీ కౌంటరు వెనకనుంచి వద్దన్నట్టు తలూపింది. క్లెమ్ ఆమెని చూశాడు, బుద్ధిగా గ్లాసు కింద పెట్టాడు.

"ఏముందండీ, గొప్పేం కాదు. జర్మనీ నుంచి వస్తున్నాం, ఓ ఇంజిను దగ్గింది, ఆగింది. మిగతా మూడింటితో వచ్చాం. అందరూ చేసిందే."

నిజంగా జరిగింది అంతే. అక్కడితో ఆగుంటే పెళ్ళయిపోయేది. విన్నీ మొహం వెలిగింది, జేబెజ్ కూడా ఫరవాలేదన్నట్టు పొగ వదిలాడు.

"మరి ఆ రాత్రి పొగమంచు అన్నారే?" అన్నాడు ఆల్బర్ట్.

"ఆ, మంచు. ఉందిలే కొంచెం. కొంచెమంటే, నా చెయ్యి నాకు కనపడలేదు. చెయ్యేం ఖర్మ, ముక్కు కూడా కనపడక ఉందో పోయిందో అని తడిమి చూసుకున్నా. ఇదిగో వీడు తోకలో కూర్చుని టీ కప్పుతో మంచు తోడి బయట పారబోస్తున్నాడు, కావాలంటే అడగండి."

అందరూ నావైపు తిరిగారు. నేను తలూపాను. నన్ను ప్రాణాలతో ఇంటికి తెచ్చిన మనిషి కోసం ఓ తల ఊపడం నాకు బరువు కాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో ఇంజిను ఆగింది. దారి చెప్పేవాడు మ్యాపు పరిచాడు. ఆ చెమ్మకి మ్యాపు తడిసి, ఇంగ్లండు మొత్తం కరిగి వాడి ఒళ్ళోకి కారిపోయింది. వాడు రుమాలుతో ఇంగ్లండుని తుడుచుకుంటూ ఏడుస్తున్నాడు, నేను ఓదారుస్తున్నా. ఇంతలో ఎక్కణ్ణుంచి వచ్చాడో ఓ జర్మనువాడు తన విమానం పక్కకి తెచ్చి టపటపా కాల్చడం మొదలెట్టాడు. మా తుపాకులు చలికి బిగుసుకుపోయాయి. ఏం చెయ్యాలి? కిటికీ తీసి టోపీ బయటికి పట్టా. గుళ్ళన్నీ వచ్చి టోపీలో పడ్డాయి. మనకెందుకు పరాయి సొమ్మని వాడి గుళ్ళు వాడికి తిరిగిచ్చేశా. మర్యాదస్తుడు, థాంక్స్ చెప్పి పోయాడు."

"జర్మన్‌లోనా?" అన్నాడు ఆల్బర్ట్.

"ఆ మంచులో ఏ భాషైనా ఒకేలా వినపడుతుందయ్యా."

విన్నీ గ్లాసుని కౌంటరు మీద ఠపీమని పెట్టింది. క్లెమ్‌కి వినపడలేదు. విమానంలో కూర్చుంటే ఎంత చిన్న చప్పుడైనా పట్టే మనిషి, కథ ఎత్తుకున్నాడంటే పిడుగు పడ్డా వినపడదు. పైగా అప్పుడే అతనికో తెలివైన ఆలోచన వచ్చినట్టుంది. పెద్దాయన పావురాన్ని ఆకాశానికెత్తితే పెద్దాయన కరిగిపోడా అనుకున్నాడు. కుర్చీ జేబెజ్ వైపు జరుపుకున్నాడు.

"మూడోది ఆగింది. నాలుగోది కూడా ఆగింది. చప్పుడు లేదు. కింద సముద్రం నోరు తెరుచుకుని ఉంది. అప్పుడు పెద్దాయనా, బుట్టలోంచి మీ బెల్లా గురగురమంది. మూత తీశా. నేరుగా వచ్చి నా భుజమ్మీద కూర్చుంది. ఎడం చెవి పొడిస్తే ఎడమకి తిప్పా, కుడి చెవి పొడిస్తే కుడికి తిప్పా. దారైతే దొరికింది, కానీ విమానాన్ని ముందుకి నడిపేదెవరు? అది నావైపు చూసింది. నేను దానివైపు చూశా. దాని చూపు మీకు తెలుసుగా! మా ఏడుగురి ప్యాంటు పట్టీలూ విప్పి వరసగా ముడేశా. ఒక కొస విమానం ముక్కుకి, రెండో కొస బెల్లా నడుముకి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ప్యాంట్లు జారిపోయాయి," అన్నాడు ఆల్బర్ట్.

"జారాయి, కాదన్ను. ఓ చేత్తో ప్యాంటు పట్టుకుని ఇంకో చేత్తో విమానం నడపడం ఎంత కష్టమో మీకేం తెలుసు? కానీ లాగిందండీ! ఇల్లంత విమానాన్ని, ఏడుగురు మగాళ్ళని, సముద్రం దాటించింది. పాపం అలిసిపోతుందేమోనని మధ్యలో ఓ పెద్ద అల చూసి దాని మీద కాసేపు ఆపాం, టీ కాచుకున్నాం. ఊరు చేరేసరికి మంచు ఎంత గట్టిపడిందంటే, విమానం దాని మీదే నిలబడిపోయింది, కిందికి రానే రాదు. మేం తలుపు తీసుకుని, మేడ మెట్లు దిగినట్టు మంచు మీద అడుగులేసుకుంటూ దిగి, గదుల్లోకెళ్ళి పడుకున్నాం. మర్నాడు ఎండ ముదిరి మంచు కరిగాక విమానం తనంతట తనే మెల్లిగా వచ్చి నేల మీద వాలింది. ముందు ఎవరున్నారనుకున్నారు? పట్టీలు నడుముకే ఉన్నాయి, నిలబడే నిద్రపోతోంది, మీ బెల్లా!"

పబ్బంతా బల్లలు చరిచి నవ్వింది. జేబెజ్ మాత్రం నవ్వలేదు. పైపు తీసి బూడిద దులిపాడు. విన్నీ మొహం చూస్తే నాకే జాలేసింది.

"అయిపోయిందా అబ్బాయ్?" అన్నాడు జేబెజ్.

"ఇంకా దానికి పతకమిచ్చిన సంగతి ఉందండీ."

"అది ఇంకోసారి చెప్పుకుందువులే. బెల్లా సంగతి నేను చెబుతా. యుద్ధానికి ముందు దాన్ని ఫ్రాన్సులో వదిలితే నా మధ్యాహ్నం భోజనం వేళకి గూటికొచ్చేది. మీ చేతికిచ్చిన దగ్గర్నుంచీ లావెక్కడం మొదలెట్టింది. కొన్నాళ్ళకి బుట్ట సైకిలు మీద పెడితే సైకిలు ఆ పక్కకే ఒరిగేది. ఇప్పుడది ఎగరదు. గూట్లోకి పోవడానికి దానికి మెట్లు కట్టా. మూడంటే మూడు మెట్లు. రెండో మెట్టు మీద ఆగి ఆయాసం తీర్చుకుని మరీ మూడోది ఎక్కుతుంది. అదా నీ విమానాన్ని లాగింది?"

ఈసారి నవ్వు మామూలుగా లేదు. ఆల్బర్ట్ కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి. అతనంత ఎర్రబడటం నేను ఎన్నడూ చూడలేదు.

జేబెజ్ నవ్వులు తగ్గేదాకా ఆగాడు. తర్వాత ఆయన చెప్పింది ఇదీ. పావురాన్ని పస్తుంచి పంపాలి. ఆకలేస్తేనే అది ఇల్లు వెతుక్కుంటూ ఎగిరొస్తుంది. ఆయన రోజూ పస్తుంచే పంపేవాడు, అది రోజూ కడుపు నిండా తిని వచ్చేది. అంత మంచి పందెం పావురాన్ని పాడు చేసినవాడెవడో తెలుసుకోవాలని యుద్ధం ముగిసిన దగ్గర్నుంచీ ఆయన మనసులో ఉంది.

"మీ ఏడుగురిలో దానికి తిండి పెట్టిందెవరు?" అన్నాడు. "నాకు కథ వద్దు. పేరు చెప్పు."

నేను కాదు. మిగతా ఐదుగురూ అక్కడ లేరు. ఎవరి పేరు చెప్పినా చెల్లిపోతుంది. జర్మనువాడే పెట్టాడని చెప్పడానికైనా మా కెప్టెన్ వెనకాడడు. అతని నోరు తెరుచుకోవడం, లోపల ఓ కథ తయారవడం నాకు కనపడింది. అంతలో విన్నీ వైపు చూశాడు. ఆమె అతన్ని చూడటంలేదు, కింద పడ్డ బీరు తుడుస్తోంది. క్లెమ్ నోరు మూతపడింది.

"నేనే పెట్టానండీ," అన్నాడు.

"ఎందుకు?"

"ఎక్కేముందు అందరికీ రొట్టె, కేకు ఇచ్చేవాళ్ళు. నాకు గొంతు దిగేది కాదు. భయం. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. పారేద్దామంటే కుర్రాళ్ళు చూస్తారు. కెప్టెనే తినలేకపోతే ఇంక వాళ్ళెలా ఎక్కుతారు? బుట్ట అక్కడే రెక్క కింద ఉండేది. అటు తిరిగి దానికి పెట్టేసేవాణ్ణి. ఒక్క ముక్క మిగిల్చేది కాదు."

ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. విమానం ఎక్కేముందు మేమందరం చేసే పని ఒకటుండేది, ఒకరికొకరం చెప్పుకోకపోయినా. కెప్టెన్ చేతిలో తిండి పొట్లం వైపు చూసేవాళ్ళం. అది ఖాళీ అయిందంటే, ఇంత నిబ్బరంగా తిన్నవాడు మమ్మల్ని వెనక్కి తీసుకొస్తాడని నమ్మి ఎక్కేవాళ్ళం. తోకలో ఒంటరిగా కూర్చుని వణికేటప్పుడు ఆ ఖాళీ పొట్లమే నాకు ధైర్యం. అతనూ నాలాగే వణికాడని తెలిసి నాకు ఏడుపొచ్చింది, అతని మీద ఇంకా ప్రేమ పుట్టింది. ఈసారి నన్నెవరూ సాక్ష్యం అడగలేదు. అయినా తలూపాను.

జేబెజ్ తన కుర్చీ క్లెమ్ వైపు తిప్పుకున్నాడు.

"కేకులో ఎండు ద్రాక్ష ఉండేదా?"

"ఉండేదండీ."

"అనుకున్నా. ఇప్పటికీ ఆ ముండ ఎండు ద్రాక్ష లేకపోతే గింజ ముట్టదు. రేషన్లో నాకొచ్చేదంతా దానికే." పైపు మళ్ళీ ముట్టించుకున్నాడు. "దాని మెట్లు కుంగిపోయాయి. రేపు పొద్దున వచ్చి కొత్తవి కట్టు. తేదీ సంగతి అక్కడ మాట్లాడుకుందాం."

విన్నీ గుడ్డ పక్కన పడేసి కౌంటరు మీద మొహం దాచుకుంది. క్లెమ్‌కి ఒక్కసారిగా ఊపిరొచ్చింది.

"మెట్లేం ఖర్మ మామగారూ, పాలరాయితో ఏకంగా ఓ మేడే..." అని అందుకున్నాడు. విన్నీ తలెత్తి చూసింది. అతను మిగతాది మింగేశాడు. "చెక్కతో," అన్నాడు. "మూడు మెట్లు."

"నాలుగు కట్టు," అన్నాడు జేబెజ్. "నీ పెళ్ళి కేకు కూడా తినబోతోందిగా."