పచ్చరంగు నేనే మార్చాను

నా పేరు, ఇంటి చిరునామా మొదటే రాసుకున్నారు. వయసు యాభై రెండు. పట్టణ ప్రణాళిక ఆఫీసులో పటాలు గీసే పని. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా లేరు. ఒక చెల్లెలు ఉంది. ఈ మాటలు నా అంతట నేను చెప్తున్నాను. ఎవరూ బెదిరించలేదు. కాఫీ ఇప్పించారు, తాగాను.

మా పటంలో పసుపు వేస్తే అక్కడ ఇళ్ళు కట్టుకోవచ్చు. పచ్చ వేస్తే కట్టకూడదు, ఖాళీగా వదిలెయ్యాలి. ఊరు పెరిగేకొద్దీ కొంత నేల అలా వదలాలని రూలు. రూలు మంచిదే. ఎవరి నేల మీద పచ్చ వెయ్యాలన్నదే గొడవంతా.

మా నాన్నకి ఊరి చివర మూడెకరాల మొక్కల తోట ఉండేది. అంట్లు కట్టి అమ్మేవాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ మూడెకరాలకీ పచ్చ పడింది. నాన్న సంతోషించాడు. "మంచిదేగా, మనదెప్పుడూ పచ్చగానే ఉంటుంది" అన్నాడు. మరుసటేడు అమ్మకి పక్షవాతం వచ్చింది. సగం తోట అమ్ముదామంటే పచ్చ పడ్డ నేల ఎవరూ కొనలేదు. నాన్న చెప్పులరిగేలా తిరిగాడు. మా ఆఫీసు వరండాలో బెంచీ మీద రోజుల తరబడి కూర్చున్నాడు. ఆఖరికి మేస్త్రీ కొన్నాడు, అదీ మొత్తం, ఆయన చెప్పిన రేటుకి. మేస్త్రీ అంటే ఇప్పుడు నా మీద ఫిర్యాదు ఇచ్చినాయనే. ఒకప్పుడు తాపీ పని చేశాడు, తర్వాత ఊరి చుట్టూ లేఅవుట్లు వేశాడు, పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పచ్చ వేయించింది కూడా ఆయనేనని ఆఫీసులో అందరికీ తెలుసు.

కొన్న ఎనిమిదో నెలలో ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది, ఆ మూడెకరాలకీ పచ్చ తీసేసి పసుపు వెయ్యమని. అప్పటి పెద్ద సారుతో "ఇది మా నాన్నదండీ" అన్నాను. "ఇప్పుడు మీ నాన్నది కాదుగా. గియ్యమన్నది గియ్యి" అన్నారు. గీశాను. మూడెకరాలకీ పసుపు నా చేత్తోనే వేశాను. రెండున్నరకి మొదలుపెడితే మూడుంపావుకి అయిపోయింది.

నాన్న ఒకసారి తోట చూసి వద్దామని వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు కావాలి?" అన్నాడట. "ఎవరూ వద్దు" అని తిరిగొచ్చేశాడు. అమ్మ ఆ ఏడే పోయింది. రెండేళ్ళకి నాన్న. పోయేముందు ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ మాటలన్నీ నేను దాచుకున్నాను.

పోయిన ఏడాది కొత్త పటం పని వచ్చింది. అంతకు ముందు వానలకి వీధుల్లో నడుంలోతు నీళ్ళు నిలిచాయి కాబట్టి తూర్పు వైపు నలభై ఎకరాలు ఖాళీగా వదలాలని పైనుంచి ఉత్తర్వు. కమిటీ వాళ్ళేమో చిన్న రైతులు పదకొండు మందివి, మెరక పొలాలకి పచ్చ రాసి పంపారు. నీళ్ళు చేరేది వాగు పక్క పల్లంలో. ఆ పల్లం మేస్త్రీది, మూలన అమ్మేసిన నాలుగు స్థలాలు తప్ప.

జూన్ పదకొండు, ఉదయం పదిన్నర. పచ్చ పల్లానికి వేశాను. పసుపు మెరకకి వేశాను. నీళ్ళ కోసం వేశానని చెప్తే మీరు మెచ్చుకుంటారేమో. మేస్త్రీ కోసం వేశాను.

మూలనున్న నాలుగు స్థలాల్లో ఒకటి మా చెల్లెలిది. మా మరిది ఓవర్‌టైం చేసి కొన్నాడు. గీత కొంచెం వంచితే అది పచ్చలోంచి బయటపడేది. వంచితే ఎవరిదని అడుగుతారు. వంచలేదు.

సరిచూడాల్సిన సారు ఫోన్లో మాట్లాడుతూ సంతకం పెట్టారు. పటాన్ని అరవై రోజులు నోటీసు బోర్డు మీద ఉంచారు, అభ్యంతరాలుంటే రాసివ్వమని. నలభై మూడో రోజు పదకొండుంపావుకి మేస్త్రీ వేరే పని మీద వచ్చాడు. బోర్డుకి వీపు ఆనించి నిలబడి మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను.

"కొత్త పటమండీ. చూస్తారా?" అన్నాను.

"ఆ గీతలు నాకేం అర్థమవుతాయమ్మా."

"ఒక్కసారి చూడండి."

"చూసుకోడానికి మీరంతా లేరూ?" అన్నాడు.

"ఉన్నామండీ" అన్నాను.

గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. రెండుసార్లు అడిగాను. అది రాసుకోండి. రెండుసార్లు అడిగాను.

సెప్టెంబర్లో పటం ఖాయమైంది. మేస్త్రీ ప్లాన్లన్నీ అనుమతి లేదని తిరిగొచ్చాయి. కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. అది చూడ్డానికి నేను రోజూ అరగంట ముందే ఆఫీసుకి వచ్చేదాన్ని.

చెల్లెలు ఇంటికొచ్చింది. "అక్కా, నీకు ముందే తెలుసా?" అంది.

"తెలుసే."

"ఒక్క మాట చెప్తే ఏదో ఒకటి చేసుకునేవాళ్ళం కదా."

"చెప్తే మేస్త్రీ దాకా పోయేది."

గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "నాన్న నాకూ నాన్నే" అంది. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

మేస్త్రీ కమిటీని తిట్టాడు, బ్యాంకు వాళ్ళని తిట్టాడు, కొడుకుని నలుగురిలో తిట్టాడు. నన్ను మాత్రం తిట్టలేదు. ఆరు నెలలు చూశాను. నా ఊసే ఎవరి నోటా రాలేదు.

మార్చి నాలుగు, సాయంత్రం నాలుగింటికి వాళ్ళింటికి వెళ్ళాను. పడక్కుర్చీలో ఉన్నాడు. నాన్న పేరు చెప్పాను. "ఎవరమ్మా?" అన్నాడు. మొక్కల తోట, మూడెకరాలు అన్నాను. "అలాంటివి చాలా కొన్నానమ్మా, ఏదని గుర్తుపెట్టుకోను?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆయన నటించలేదు. నిజంగానే గుర్తు లేదు. ఇన్నేళ్ళూ నేను పొద్దున లేస్తే ఆయన మొహమే తలుచుకున్నాను.

అక్కడే కాగితం తీసి రాశాను. నాన్న పేరు, తోట సర్వే నంబరు, పచ్చరంగు మార్చింది నేనేనని, తేదీతో సహా. సంతకం పెట్టి ఇచ్చాను. కొడుకుని పిలిచి చదివించుకున్నాడు. నాన్న పేరు దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు లేచి వచ్చాను. మీ దగ్గరున్నది ఆ కాగితమే.

పశ్చాత్తాపం ఉందా అని అడిగారు. చెల్లెలి విషయంలో ఉంది. పటం తిరిగి మార్చేస్తే ఏం చేస్తావన్నారు. మార్చాలంటే మళ్ళీ అరవై రోజులు బోర్డు మీద పెట్టాలి. ఈసారి పదకొండు మంది రైతులూ వచ్చి చూస్తారు. నిన్నే వాళ్ళ ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చాను.

ఇదంతా నేను చెప్పిందే, నాకు తెలిసినంత వరకు నిజం. రాసినాయన చదివి వినిపించారు. ఒకచోట "పొరపాటున రంగు మార్చితిని" అని రాశారు, నా మేలు కోరే కాబోలు. "పొరపాటున" కొట్టేయమన్నాను. కొట్టేశారు. దాని పక్కన ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం పెట్టాను.

(సంతకం)