పై సొరుగు, కింది సొరుగు

ఏ కమిటీ అన్నావు? మళ్ళీ చెప్పు. ఓహో, కాలేజీ పిల్లలు తమకేదైనా అన్యాయం జరిగితే వచ్చి చెప్పుకునే కమిటీయా! అందులో పిల్లల తరఫున నువ్వా? నోట్లో నువ్వుగింజ నానని దానివి, నిన్నెవరు ఏరారే తల్లీ! సరే సరే, మూతి ముడవకు. ఇలా వచ్చి ఈ దారం చిక్కు తీస్తూ విను. మా మేడమ్ ఉండి ఉంటే నిన్ను చూసి ఎంత మురిసిపోయేదో. ఏ మేడమంటావేంటి, నేను యూనివర్సిటీలో ఊడ్చి తుడిచిన రోజుల్లో నా గదులన్నిట్లో చివరి గది ఆవిడది, పిల్లల గోడు వినే గది. లైబ్రరీ వెనకాల, చీపుర్లు పెట్టుకునే గదికి ఆనుకుని ఉండేది. అంత మూలకి ఎందుకేశారండీ అంటే, "నేనే అడిగి వేయించుకున్నానే. ఎవరైనా చూస్తే పిల్లలు చీపురు కోసం వచ్చామని చెప్పొచ్చు" అనేది. నిజంగానే వారానికి ఇద్దరు ముగ్గురు నా దగ్గర చీపురు పట్టుకెళ్ళి తిరిగిచ్చేవాళ్ళు కాదు!

పిల్లలు ఆవిడకి 'ముందు కూర్చో మేడమ్' అని పేరు పెట్టారు. ఎవరు ఏడుస్తూ వచ్చినా, అరుస్తూ వచ్చినా ఆవిడ నోట మొదటి మాట అదే. కూర్చున్నాక నీళ్ళు. నీళ్ళయ్యాక కాగితం. పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, "ఇందులో నాది ఒక్క మాట ఉన్నా కొట్టెయ్" అనేది. ఆ తర్వాత, "దీన్ని ఏం చెయ్యమంటావు?" అని అడిగేది. ఆశ్చర్యంగా ఉండేదే నాకు. చదువుకున్న మనిషి, పెద్ద ఉద్యోగం, పసిపిల్లని పట్టుకుని ఏం చెయ్యమంటావని అడగడమేంటి! చెప్పుకుంటే చాలనే వాళ్ళ కాగితాలు పై సొరుగులోకి. కమిటీకి పంపమనే వాళ్ళవి కింది సొరుగులోకి. ఒకసారి నాలుగు మడతలు పెట్టిందంటే మళ్ళీ విప్పి చూసేది కాదు. రెండింటి మీదా పేర్లు అంటించింది గానీ, అప్పటికి నాకు అక్షరం ముక్క రాదుగా.

ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి కప్పు కారి బల్లంతా నీళ్ళు. అయ్యో కాగితాలు తడుస్తాయని సొరుగులు రెండూ ఊడబెరికి, అడుగులు తుడిచి, ఎండలో పెట్టి, ఎంచక్కా తిరిగి దూర్చేశాను. ఎంత బుద్ధిమంతురాలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. రెండూ ఒకే కొలత కదా, పైది కిందికీ కిందిది పైకీ పోయాయి. మేడమ్‌కేమో చెయ్యి అలవాటు. చూడకుండానే కింద లాగింది, మడిచిన కాగితం మడిచినట్టే తీసింది, కవర్లో పెట్టి అంటించి మీసాలాయనకి ఇచ్చేసింది. టపాలు పంచే ఆయనలే, మీసం ముందు వచ్చేది, ఆయన తర్వాత వచ్చేవాడు. పావుగంటకి మేడమ్ పై సొరుగు తెరవబోయి, దాని మీద కింది సొరుగు పేరు కనపడి, "ఒసేయ్, ఏం చేశావే!" అని ఒక్క కేక.

వెళ్ళిపోయింది ఒక ఆడపిల్ల కాగితం. రికార్డు మీద సంతకం పెట్టాలంటే ఒంటరిగా తన గదికి రావాలని ఒక మాస్టారు సతాయిస్తున్నాడట. అంతవరకే చెప్తాను, ఇంకేం అడక్కు. చెప్పుకుంటే చాలు, ఎవరికీ తెలియకూడదని పై సొరుగులో పెట్టించుకుంది. కవరు విప్పారా, ఆ పిల్లకిచ్చిన మాట పోయినట్టే, ఆ గది మీద పిల్లలకున్న నమ్మకమూ పోయినట్టే.

ఇక చూడాలి మేడమ్ పరుగు! ఆవిడ నీలా సన్నగా ఉండేది కాదు, తలుపులో పక్కకి తిరిగి దూరేది. ఒక చెప్పు గడప దగ్గర, ఇంకోటి మెట్ల మీద. వెనకాల నేను, తడిగుడ్డతో సహా. కమిటీ ఆఫీసు వరండాలో పట్టుకున్నాం మీసాలాయన్ని. "పుస్తకంలో ఎక్కిందండీ, తిరిగివ్వడం కుదరదు, రూలు" అని ఆయన సంచీ బెంచీ మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. మేడమ్ వెళ్ళి ఆ సంచీ మీద కూర్చుంది! "లేవండమ్మా." లేవదు. "ఉత్తరాలు నలిగిపోతాయండీ." "నలగనీ." "పై ఆఫీసరుకి చెప్తానండీ." "నడుచుకుంటూ వెళ్ళి చెప్పు, నేనిక్కడే ఉంటా." చివరికి ఆయన మీసం కిందికి దిగింది. కవరు ఇచ్చాడు, విప్పకుండానే.

నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. మేడమ్ ఆ సాయంత్రమే పిల్లని పిలిపించింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందండీ అన్నాను. పిల్ల రాగానే ముందు కూర్చోబెట్టింది. "తప్పు మా గదిది. కవరు ఎవరూ విప్పలేదు. ఇదిగో నీ కాగితం, చింపుకున్నా నీ ఇష్టమే" అంది పిల్లతో. నా పేరే ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక, నాకు చదువు రాదమ్మా, నేనే మార్చానని ఏడ్చాను. ఆ పిల్ల తెల్లబోయి చూసింది. కోపం వచ్చింది కూడా, రాదా మరి! విసురుగా కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు తనే వచ్చింది. "కింది సొరుగులో పెట్టండి మేడమ్" అంది. కమిటీ ముందుకి తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చు, ఎవరు కావాలని మేడమ్ అడిగితే, తప్పు దాచుకోని ఈవిడే కావాలని నా వైపు చూపించింది. చూడు, ఎలా కుదిరిందో! కుర్చీలో కూర్చున్నాను నేను, జీవితంలో మొదటిసారి, ఆ ఆఫీసులో. పిల్ల ఒక్క మాట వదలకుండా చెప్పింది. బల్ల కింద నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు అచ్చు పడిపోయింది. ఆ మాస్టార్ని తప్పించి రికార్డు ఇంకొకరికి ఇచ్చారు, పిల్ల పాసైంది.

నేను బయటికి రాగానే మేడమ్ నా చెయ్యి చూసి, "ఏమైందే? లోపల ఏం జరిగింది?" అంది. నేను నిటారుగా నిలబడి, "లోపలి మాట బయట చెప్పకూడదండి" అన్నాను. నవ్విందే తల్లీ... గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా. ఆ మర్నాడే పలక తెచ్చి నా ముందు పెట్టింది.

అలాంటి మనిషి...

నీ చేతిలో దారం మళ్ళీ చిక్కు పడిందేంటే? ఇటివ్వు.