మొదటి ఊపిరి

అంతరిక్ష నౌక బయటి తలుపు పక్క ఇరుకు గదిలో కొత్త నాయకుడు సూట్ తొడుక్కున్నాడు. చనిపోయిన అన్నకు ఇరవై ఏళ్లు కాపలా కాసిన అంగరక్షకుడే అతని హెల్మెట్‌ను వెనక నుంచి బిగించాడు.

“సిలిండర్‌లో మొదటి ఊపిరి నువ్వు పీల్చాకే కదా నాకు తగిలించావు?”

“ఆచారం తప్పుతానా చిన్నయ్యగారూ? పెద్దయ్యగారికీ అలాగే చూసేవాణ్ణి.”

“ఏం చూశావులే! అంత చేదు గాలి పసిగట్టలేదు. నీ ముక్కు అలంకారానికా?”

“నేను పీల్చినప్పుడు బాగానే ఉంది. ఆ తర్వాతే ఎవరో సిలిండర్ మార్చారు. ఇంతకీ, చేదని మీకెవరు చెప్పారు?”

“అన్నయ్యే చెప్పాడు.”

“ఆయన ఒక్క ఊపిరికే నా చేతుల్లో ఒరిగిపోయారు. ఒక్క మాటా అనలేదు.”

“అయితే వైద్యుడు చెప్పుంటాడు. నస పెట్టకు.”

“వైద్యుడికి ఆ సిలిండర్ చూపించనేలేదు. దాచేసి, నేనే కాస్త పీల్చాను. ఆరు నెలలు మంచం పట్టాను. అది చేదని నాకు తెలుసు, కలిపినవాడికి తెలుసు.”

“ఏయ్, ఈ హెల్మెట్ తియ్యి! నా వీపున ఉన్నది పీల్చి చూశావా, లేదా?”

“చూశాను చిన్నయ్యగారూ. ఆరు నెలల కిందటే,” అంటూ అంగరక్షకుడు గాలి మీట తిప్పాడు.