ఆరని స్పిరిట్ బిళ్ళ

"తవిటయ్య బావ కాలికి ఇంజెక్షనెందుకర్రా? నానిక్కడ బతికుండగా ఆసుపత్రెందుకు? సెప్పండి!"

పోర్టు గేటెదుట అసిరమ్మ టీకొట్టు బల్లమీద గ్లాసు టక్కున పెట్టాడు గురునాథరావు. కాలేజీ ల్యాబులో అటెండరు. పక్కనే కళాసీ తవిటయ్య, ఇనప రేకు కోసుకుపోయిన పాదానికి గాయపాకు పసరు పూసుకుని కూర్చున్నాడు. మూడు రోజులైంది. వాపు చీలమండ దాకా పాకింది. ఆసుపత్రికెళ్తే కాలు తీసేస్తారని అతని భయం.

"ఇనండి. ఇదే గాయపాకు నాను స్పిరిట్లో నూరీసి, అందులో కాయితం బిళ్ళ ముంచి, సీము పట్టించే బాక్టీరియాని గాజు పళ్ళెంలో పెంచుతారు సూడండి, దానిమీద పెట్టీసినాను. తెల్లారి సూత్తే బిళ్ళ సుట్టూ అర్ధరూపాయంత మేర ఒక్కటీ బతికి లేదు! ఆ తర్వాతేటయిందో తెలుసా?"

"సెప్పు, టీ సల్లారిపోతంది," అంది అసిరమ్మ.

"మజ్జేన్నానికి పళ్ళెమంతా ఖాళీ! పక్క పళ్ళేనికి నాను బిళ్ళే పెట్టలేదు, దీన్ని సూసి హడలిపోయి అదీ ఖాళీ! మూత తీసీసరికి ఆ వాసన కిటికీలోంచి పోయి, కొండ దిగి, హార్బర్లో లంగరేసిన ఓడ మీద పడింది. జొరాలతో పడున్న నలభైమంది లేసి కూకుని సేపల పులుసడిగీసినారు!"

"నలభైమందేనా?" అంది అసిరమ్మ.

"కెప్టెన్ని కలపలేదు."

అందరూ నవ్వారు, తవిటయ్య తప్ప. "అయితే నా కాలు నిలబడతదంతావా బావా?"

"నిలబడ్డవేటి, పరిగెడతది!"

అదే ల్యాబులో ఎమ్మెస్సీ చదివే కాంతం చివరి బల్లమీంచి అడిగింది. "బాబాయ్, బిళ్ళలు ఆరబెట్టావా?"

"ఆరబెట్టడవేటమ్మా! తడిలోనే కదా దమ్ము!"

"ఆకు లేకుండా వట్టి స్పిరిట్లో ముంచిన బిళ్ళ ఒకటి పెట్టాలి కదా. పెట్టావా?"

"నాను పెట్టకపోవడవా! దాని సుట్టూ అయితే రూపాయంత ఖాళీ!"

"అంటే చంపింది ఆరని స్పిరిట్టన్నమాట. నీ ఆకు ఏం చేసిందో నీకే తెలీదు. తెలిసేదాకా మావయ్య కాలు నీ గాజు పళ్ళెం కాదు బాబాయ్!"

గురునాథరావు అప్పుడు చూశాడు ఆ పాదాన్ని సరిగ్గా. మెల్లిగా తన చేతి బొటనవేలు చాపాడు.

"పోయినేడు దీనికి సీము పట్టింది బావా. నాను ఆకు పుయ్యలేదు. ఆసుపత్రికెళ్ళి అయిదు ఇంజెక్షన్లు పొడిపించుకున్నాను."

తవిటయ్య ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొయ్యలేదా?"

"కోత్తే ఇక్కడుంటదేటి?"

కాంతం వంగి చూసింది. "వాపు ఇంకా చీలమండ దాటలేదు మావయ్యా. ఇప్పుడే వెళ్తే సూదులతోనే తగ్గిపోవచ్చు."

"అమ్మయ్య!" మూడు రోజుల ఊపిరి ఒక్కసారిగా వదిలాడు తవిటయ్య. "సూదులేనా? ఓడ కత సెప్పే బదులు ముందీ ఏలు సూపించొచ్చు కదేటి!"

అందరూ మళ్ళీ నవ్వారు. గురునాథరావు అప్పటికే తవిటయ్య చంకకింద భుజం పెట్టి లేపుతున్నాడు.

"నవ్వుతారేటర్రా! ఒకడు రిక్షా పిలవండి, ఒకడు ఆ పక్క పట్టుకోండి. తిరిగొచ్చాక టీలు తాగుదురు గానీ, లెగండి!"